నిర్వహణమును విద్యగా గుర్తింపుడు

ఆంధ్రప్రదేశ్ విద్యా, సమాచార సాంకేతిక శాఖామాత్యులవారికి బహిరంగ లేఖ

మహాశయా,

అనకాపల్లి జిల్లా మాకవరపాలెము నుండి ఈ లేఖను తమకు బహిరంగముగా వ్రాయుచున్నాను. విద్యాశాఖయు సమాచార సాంకేతిక శాఖయు నేడొక్క అమాత్యుని యధీనమునందే యుండుటచేత, ఆ రెండింటికిని నడుమ నిలిచి ఇంతవరకు ఏ శాఖవారికిని తమదిగా తోపక మిగిలిపోయిన యొక కార్యమును తమకు విన్నవించుటకు ఇదియే తరుణమని తలచితిని. ఒకరు వ్రాసి విడిచిన ప్రోగ్రామును, దాని చుట్టునున్న లోకము మారుచున్నను, ఏండ్ల తరబడి పనిచేయునట్లు నిలుపుకొని వచ్చుటయే ఆ కార్యము. దానికి మనము పెట్టుకొన్న పేరు నిర్వహణము.

ఇంటర్నెట్టునందు ఒకచోటనున్న పాటను గాని, వీడియోను గాని, ఛాయాచిత్రమును గాని వేరొకచోటనున్న పుటలోనికి తెచ్చి, చదువరి ఆ పుటను విడువకయే చూచునట్లు అమర్చు చిన్న ప్రోగ్రాములు కలవు. ఎంబెడ్ చేయుట యని కళాశాల పిల్లలందురు. ఉత్తరాంధ్ర జానపద కళలను గూర్చి మిత్రులము కొందరము కూర్చుచున్న పుటలకొఱకు అట్టి పొడిగింత (ఎక్స్‌టెన్షను) నొకదానిని నేను చూచుకొనుచున్నాను. ఱొమ్మునకు రేకుతప్పెట కట్టుకొని రెండు చేతులతోను వాయించుచు గంతులువేయు తప్పెటగుళ్ళ బృందములవారు, జముకుల కథలు చెప్పువారు, మన్యమునందలి థింసా నర్తకులు, వీరందరి ప్రదర్శనలను ఊరివారే తమ ఫోనులతో తీసి యూట్యూబులోనో ఫేస్‌బుక్కులోనో ఉంచుచున్నారు. వానిలో పెక్కింటికి మఱియొక ప్రతి యెచ్చటను లేదు. ఆ కళాకారులలో వృద్ధులు కాలగతి నొందుచుండగా, ఆ వీడియోయే వారి గానమునకు మిగిలిన సాక్ష్యమగుచున్నది. కావుననే ఈ చిన్న పనిముట్టు విషయమై ఇంత విపులముగా వ్రాయుటకు సాహసించుచున్నాను.

దాని పనితీరును మొదట చెప్పెదను. చదువరికి వీడియో పుటలో కనబడుచున్నను, నిజమునకు అది ఆ పుటలో లేదు. అచ్చటనున్నది చిరునామా మాత్రమే. ఆ చిరునామా రూపమును బట్టి అది ఏ వెబ్‌సైటుదో ప్రోగ్రాము గుర్తించి, ఆ వెబ్‌సైటు నడిగి, అది పంపిన చట్రమును పుటలో నిలుపును. చట్రములోని బొమ్మను నడపునది మాత్రము ఎల్లప్పుడును ఆ పరాయి వెబ్‌సైటే. ఇట్లడుగుటకును బదులు చెప్పుటకును ఒక ఉమ్మడి పద్ధతి యుండవలెనని 2008లో ఓఎంబెడ్ అను నియమావళి ప్రకటింపబడెను. పెద్ద సంస్థలు పెక్కు దానిని స్వీకరించినవి. స్వీకరింపనివి తమతమ రీతులను పాటించుచున్నవి. అందుచేత ఒక్కొక్క వెబ్‌సైటునకు ఒక్కొక్క సూత్రమును వ్రాసి యుంచుకొనవలెను. ఆ వెబ్‌సైటు తన చిరునామాల తీరును రవంత మార్చినను, ఇచ్చటి సూత్రమును దిద్దుకొనవలెను. మార్చుచున్నామని ముందుగా తెలుపవలసిన బాధ్యత వారికి లేదు. పుటలో ఏదియో ఒకనాడు ఖాళీ పెట్టెగా కనబడినప్పుడే సంగతి తెలియును.

యూట్యూబు 2005లో పుట్టిననాడు దాని వీడియోలు ఫ్లాష్ అను ఉపకరణముపై ఆధారపడి నడిచెడివి. 2010లో ఆ సంస్థ ఐఫ్రేమ్ అను క్రొత్త చట్రమును ప్రవేశపెట్టెను. 2020 డిసెంబరు 31వ తేదీతో ఫ్లాష్‌నకు దాని కర్తలైన అడోబీవారే స్వస్తి చెప్పిరి. తొలినాళ్ళలో యూట్యూబు ఇచ్చిన కోడును యథాతథముగా పుటపుటకును అతికించుకొన్నవారు పుటలన్నింటిని చేతితో తిరుగ దిద్దుకొనవలసివచ్చెను. దిద్దుకొనుటకు మనుష్యులు లేనిచోట ఆ వీడియోలు మూతపడియే పోయెను. వీడియోకు గుర్తుగానున్న 11 అక్షరములను మాత్రము దాచుకొని, చట్రమును ప్రోగ్రాముచేత కట్టించుకొన్నవారో, ఒక్కచోట కొన్ని పంక్తులు మార్చి పుటలన్నింటిని బ్రదికించుకొనిరి; ఏలయన పది పదునైదేండ్ల క్రిందటి వీడియోకును ఆ 11 అక్షరములు మారలేదు. ఏది మారునో, ఏది నిలుచునో ముందుగా ఊహించి, మారునదానిని ఒకచోట కట్టడిచేసి యుంచుట మిక్కిలి గొప్ప వివేకము. క్రొత్త ప్రోగ్రామును వ్రాసి మార్కులు పుచ్చుకొని వెడలిపోవు విద్యార్థికి ఇది అలవడదు; పాత ప్రోగ్రామును చేతబట్టి, ఇతరులు పదేండ్ల క్రిందట చేసిన నిర్ణయముల ఫలమును తాననుభవించినవానికే అలవడును.

సాంకేతిక కారణములటుండ, అనుమతుల చిక్కులు మఱియొక తెగ. 2020 అక్టోబరులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాములవారు అంతవరకు అడిగినవారికెల్ల ఇచ్చుచుండిన ఎంబెడ్ సదుపాయమును తమయొద్ద నమోదైన యాప్‌లకే పరిమితము చేసిరి. లోకమంతటను వాడుకలోనున్న వెబ్‌సైటు నిర్మాణ సాధనమగు వర్డ్‌ప్రెస్ అందుచేత ఆ రెండింటిని తన జాబితానుండి తొలగించెను. అదే సంవత్సరము జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించెను. దేశరక్షణ హేతువుగా ప్రభుత్వము చేసిన ఆ నిర్ణయమును విచారించుటకు నేనర్హుడను గాను. కాని మన పల్లెలలోని కూలిజనులు, ఆటోలు నడుపువారు, ఇంటిపనుల నడుమ తీరిక చేసికొన్న ఇల్లాండ్రు అందులో పాడిన పాటలును వేసిన వేషములును ఎన్నియో పుటలలో ఎంబెడ్ చేయబడియుండెను. అవి యన్నియు మన దేశములో ఖాళీ చట్రములై పోయెను. డాలసు నగరమున నున్న తెలుగువాడు ఆ పుటను తెరచినచో పాట వినబడుచుండగా, పాడినవాని సొంత యూరిలో అది వినబడకుండెను. ఇట్టి సమయమున నిర్వాహకుడు చేయవలసిన పని యొకటున్నది: ఆ స్థలమును ఖాళీగా విడువక, ఇచ్చట ఫలానావారి పాట యుండెడిదని, ఈ కారణమున కనబడుట లేదని, ఆ పాటకు మఱియొక ప్రతి గలిగినచో ఇచ్చట దొరకునని వ్రాసియుంచుట. అది యంత్రము తనంత తాను చేయు పని కాదు. ఒక మనుష్యుడు కూర్చుండి చేయవలెను.

అన్నింటికంటె భయంకరమైనది వేరొకటి కలదు. విడ్‌మీ అను వీడియో వెబ్‌సైటు 2017 చివర మూతపడెను. దాని చిరునామా కొంతకాలమునకు అశ్లీల చిత్రములు ప్రదర్శించు నొక సంస్థ చేత చిక్కెను. 2021 జులైలో వాషింగ్టన్ పోస్టు వంటి ప్రసిద్ధ పత్రికల పాత వార్తాపుటలలో, పూర్వము వార్తావీడియోలున్న చోటులందే ఆ చిత్రములు ప్రత్యక్షమయ్యెను. పత్రికలవారు ఏ దోషమును క్రొత్తగా చేయలేదు. పాత చట్రములను ఎవరును చూచుకొనకుండుటయే కారణము. ప్రభుత్వ శాఖలవారు ఉత్సవముల వీడియోలను, పాఠశాలలవారు పాఠముల వీడియోలను బయటి వెబ్‌సైటుల నుండి తెచ్చి తమ పుటలలో చూపుట నేడు పరిపాటి. ఆ పుటలను తెరచువారిలో పసిపిల్లలును కలరు. చట్రము తెరచుకొన్న మాత్రమున చదువరి జాడ పరాయి సంస్థకు చేరుననియు తాము ఎఱుగుదురు. పిల్లల జాడలను వెంబడించుటను వారించు నియమము 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునందు కలదు. చదువరి తానై మీట నొక్కువఱకు చట్రము తెరచుకొనకుండ అమర్చుట కష్టమైన పని కాదు. నా పొడిగింతలో దానిని నియమముగా పాటించుచున్నాను. కాని అమర్చిన పిమ్మట దానిని కనిపెట్టియుండువా డొకడు ఉండవలెను గదా.

తెలుగువారికి నిర్వహణపు విలువను మొదట నేర్పినది పద్మ యను పొడిగింత యని నా దృఢాభిప్రాయము. అన్ని లిపులకును ఉమ్మడి సంకేతపద్ధతియగు యూనికోడు వ్యాపింపకమునుపు మన పత్రికల వెబ్‌సైటులు ఒక్కొక్కటి యొక్కొక్క సొంత ఫాంటును వాడెడివి. ఒక పత్రికలో కకారమునకు వాడిన సంకేతము మఱియొక పత్రికలో వేరొక యక్షరమై కూర్చుండెడిది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పుటయంతయు అర్థములేని లాటిను గుర్తుల కుప్పగా కనబడెడిది. వార్తను వెదకుటకు గాని, తీసి దాచుకొనుటకు గాని వీలులేకుండెను. వెన్న నాగార్జునగారు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు ఈ పద్మను వ్రాసి, ఆ పుటలను యూనికోడు తెలుగులోనికి మార్చి చదువరికి చూపు ఉపాయమును కల్పించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమగుటకును వారే కారకులు. పరాయి వెబ్‌సైటులోని దానిని మన తెరపై మనకు తగినట్లు నిలుపుట పద్మ చేసిన పని గనుక, ఎంబెడ్ చేయు పొడిగింతలకు అది పెద్దక్క యనదగును. పత్రికలవారు తమ ఫాంటులను మార్చినపుడెల్ల దాని మార్పిడి పట్టికలను కూడ మార్చుకొనవలసిన కష్టమును దానికిని తప్పలేదు.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ సంచిక వెలువడినప్పుడు మొజిల్లా సంస్థ పాత పద్ధతిలో వ్రాయబడిన పొడిగింతల నన్నింటిని విడనాడెను. వేగమునకును భద్రతకును ఆ మార్పు అవసరమనుటలో సందేహము లేదు; ఐనను, తీరికవేళలలో ఒకరిద్దరు వ్రాసి నిలుపుకొనుచువచ్చిన పొడిగింతలు లెక్కకు మిక్కిలిగా ఆనాటితో ఆగిపోయెను, పాతరూపమున నున్న పద్మయు ఆ క్రొత్త బ్రౌజరులో నడువజాలకపోయెను. అప్పటికి పత్రికలు పెక్కు యూనికోడునకు మారియుండుటచేత లోపము పైకి కనబడలేదు. కాని ఈ శతాబ్దారంభమునందలి తెలుగు వార్తాపుటలలో పాత పుటలను దాచియుంచు ఇంటర్నెట్ ఆర్కైవువారి భాండారమునకు చేరినవి నేటికిని ఆ పాత సంకేతములలోనే యున్నవి. రేపొక చరిత్రకారుడు వానిని చదువగోరినచో, పద్మలోని ఆ పట్టికల వంటివే శరణ్యము. ఆనాడు మన కళాశాలలలో ఒక్క యధ్యాపకుడు తన విద్యార్థులను నలుగురిని పిలిచి, ఈ పద్మను క్రొత్త పద్ధతిలోనికి తిరుగ వ్రాయుడు, ఇదియే మీ ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టు అని చెప్పుటకు నియమము లనుకూలించి యున్నచో, అది వారికి ఎంతటి విద్య! తెలుగునకు ఎంతటి సేవ!

పుస్తకముల విషయమునను ఇట్టి యుదంతమే కలదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగు పురస్కారము నందుకొన్న రాజ్ రెడ్డిగారి సంకల్పముతో పదిలక్షల పుస్తకముల పథకము ప్రారంభమై, మన దేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపుదాల్చెను. తెలుగు పుస్తకములు వేలకొలది స్కాన్ చేయబడెను. కొన్నేండ్లకు ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు మూతపడినప్పుడు, దానికి దారిచూపుచు వ్రాయబడిన లింకులన్నియు ఒక్కుమ్మడిగా నిరర్థకములయ్యెను. కార్ల్ మాలముద్ అను అమెరికా దేశస్థుడు ముందుచూపుతో ఆ పుస్తకములను లక్షలసంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవునకు చేర్చి యుండుటవలననే నేడు మనము వానిని చదువగలుగుచున్నాము. ఆయన ఋణము తెలుగువారు తీర్చుకొనలేనిది. అటులని ఆ ఒక్క భాండారమునే నమ్మి కూర్చుండరాదు: 2024 అక్టోబరులో దుండగుల దాడికి లోనై ఇంటర్నెట్ ఆర్కైవు కొన్ని దినములపాటు మూతపడెను. 2013లో ఉండిన వెబ్‌పుటలలో నూటికి 38 పుటలు 2023 నాటికి లభింపలేదని ప్యూ పరిశోధన సంస్థవారు 2024లో లెక్కతేల్చిరి. తెలుగునకు అట్టి లెక్క వేసి చూడవలసిన భారము మనపై నున్నది.

ఇంత కష్టమేల, అన్నింటిని మనయొద్దనే దాచుకొనరాదా యని తమరడుగవచ్చును. దాచుకొనవలెను, హక్కు ఉన్నంతవరకు తప్పక దాచుకొనవలెను. తెలుగు వికీపీడియావారు బయటి వీడియోలను ఎంబెడ్ చేయక, స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో చేరిన వానినే వాడుట ఆ వివేకమువలననే. మన కాపీహక్కు చట్టము ప్రకారము శబ్దగ్రహణమునకు ప్రచురణానంతరము 60 ఏండ్లే రక్షణ గనుక, పాత గ్రామఫోను రికార్డులలో ఎన్నింటికో ఆ గడువు తీరినది. ఐనను, పాట వ్రాసినవారికిని స్వరపరచినవారికిని మరణానంతరము 60 ఏండ్ల హక్కు వేరుగా నుండుటచేత, ఒక్కొక్క రికార్డును విడివిడిగా విచారింపవలసియుండును. ఊరివారు ఫోనుతో తీసిన వీడియోయో, అది తీసినవారిది, ఆడినవారిది. వారినడుగక మనము దాచుకొనరాదు. అడుగుటకు మనుష్యులు కావలెను, సమయము కావలెను. అంతవఱకు ఎంబెడ్ చేసి చూపుటయే ధర్మమైన మార్గము, ఆ మార్గము నిలుచుటకు నిర్వాహకుడే ఆధారము.

మహాశయా, తాండవ, వరాహ నదుల ఆయకట్టు రైతునకు ఎవరును చెప్పనక్కఱలేని సంగతి యొకటి కలదు: కాలువ త్రవ్వుటతో నీరు పాఱదు, ఏటేట పూడిక తీయవలెను. శంకుస్థాపనకు శిలాఫలకము లుండును, పూడిక తీసినవానికి ఉండదు. అయినను కూలి మాత్రము దొరకును. సాంకేతిక రంగమున పూడిక తీయువానికి ఆ కూలియు లేదు. ప్రభుత్వము వెబ్‌సైటును కట్టించుటకు టెండరు పిలుచును, ప్రారంభోత్సవము జరుపును. గుత్త గడువు తీరినపిదప దానిలోని చట్రములు పనిచేయుచున్నవో లేదో చూచు మనిషి యెవడును కాగితముపై ఉండడు.

మా మండలములోనే యొక ఇంజనీరింగు కళాశాల కలదు. ఉత్తరాంధ్రలోని ఇట్టి కళాశాలల కొఱకు విజయనగరమున గురజాడవారి పేర జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2022లో ఏర్పడినది. ఏటేట వెలువడుచున్న పట్టభద్రులలో ప్రతివాడును ఆఖరి సంవత్సరమున ఒక ప్రాజెక్టు చేయవలెను. అది క్రొత్తదై యుండవలెనను పట్టుదల చేత, హాజరుపట్టీలు, గ్రంథాలయపు లెక్కలు, ఆసుపత్రి చిట్టాలు మొదలగునవి మాటిమాటికి తిరుగ వ్రాయబడి, పరీక్షాధికారి చూచిన మఱునాడే మఱుగున పడుచున్నవి. నగరములలో అవి సిద్ధముగా అమ్మబడుచున్నవను మాట అధ్యాపకులెల్లరు నెఱిగినదే. వాడుకలోనున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నొకదానిని, ముఖ్యముగా తెలుగునకు పనికివచ్చుదానిని, ఒక సంవత్సరము పాటు నిర్వహించుటను ప్రాజెక్టుగా అంగీకరింపుడని నా మొదటి ప్రార్థన. దానిలో మోసమునకు చోటు తక్కువ. ఏలయన ప్రతి మార్పును ఎవరు, ఏనాడు, ఎందుకు చేసిరో బహిరంగముగా నమోదగును, దానిని పరీక్షించి అంగీకరించువారు కళాశాలకు వెలుపలివారు.

ఇచ్చట ఒక ప్రమాదమును దాచక చెప్పెదను. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవమున, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు నాలుగు మార్పులు పంపినవారికి చొక్కా బహుమానమనగా, అక్షరమొకటి మార్చియు, పొగడ్త మాటయొకటి చేర్చియు పంపిన పనికిమాలిన మార్పులు వెల్లువై నిర్వాహకులను ముంచెత్తెను. ఉత్సవమును జరుపువారు నియమములనే మార్చుకొనవలసివచ్చెను. కావున మార్పుల సంఖ్యను బట్టి మార్కులీయరాదు. పని చెడిన చోటును కనుగొనుట, అది ఏల చెడెనో వ్రాతపూర్వకముగా వివరించుట, బాగుచేయుట, తరువాత వచ్చువానికి దారి తెలియునట్లు తెలుగులో పత్రమును వ్రాసియుంచుట, వీనిని బట్టి ఈయవలెను. ఒక సంవత్సరపు విద్యార్థి చేతినుండి మఱుసటి సంవత్సరపు విద్యార్థి చేతికి ఆ ప్రోగ్రాము మారుచుండవలెను. ఇట్లు నేర్చినవానికి ఉద్యోగమునకును లోటుండదు; విశాఖలోనైనను హైదరాబాదులోనైనను సంస్థలలో చేరిన పిల్లలు చేయుచున్నది చాలవఱకు ఇతరులు వ్రాసిన పాత ప్రోగ్రాములను నిలుపుటయే గదా.

రెండవ ప్రార్థన ప్రభుత్వపు పుటలను గూర్చినది. భాషా సాంస్కృతిక శాఖ గాని, పాఠశాలలు గాని, జిల్లా కార్యాలయములు గాని తాము తీయించిన వీడియోలకు మూలప్రతిని తమయొద్ద దాచి, దానికి మారని చిరునామా నిచ్చి, యూట్యూబులోని దానిని రెండవ ప్రతిగా మాత్రమే ఎంచుకొనునట్లు ఉత్తర్వు చేయుడు. బయటి చట్రములు చదువరి మీట నొక్కినగాని తెరచుకొనరాదని ఆ ఉత్తర్వులోనే చేర్పుడు. వెబ్‌సైటు నిర్మాణపు ఒప్పందములో నిర్వహణమునకు వేరుగా సొమ్మును, పేరు వ్రాసిన యొక బాధ్యునిని చూపనిదే పని అప్పగింపకుడు. ఇందుకు పెద్ద ధనము అక్కఱలేదు. ఒక ప్రారంభోత్సవపు ఖర్చులో కొంతభాగము చాలును.

వచ్చు విద్యాసంవత్సరపు నియమావళి అచ్చుపడకమునుపే, ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టు నిబంధనలలో 'నిర్వహణము' అను ఒక్క పదమును చేర్చునట్లు విశ్వవిద్యాలయములకు సిఫారసు చేయుడని, ఆ పనికి మొదటి ప్రయోగస్థలముగా మా మండలమునందలి కళాశాలను ఎంచుకొనుడని తమను వేడుకొనుచున్నాను. విద్యార్థులు వచ్చినచో, నేను చూచుకొనుచున్న పొడిగింతను వారి చేతికిచ్చి, తెలిసినంతవఱకు దగ్గఱనుండి నేర్పుటకు సిద్ధముగా నున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మాకవరపాలెము, అనకాపల్లి జిల్లా